చిన్న సర్వరునకు తగిన మెయిలు సాధనమేది?

(చేవెళ్ళ, మొయినాబాదు మిత్రులు చేవెళ్ళలో కూడిన సభయందు మేము గావించిన ప్రసంగము)



ఈ సభకు మమ్ము రప్పించిన మిత్రులు ముందుగా నొక ప్రశ్న వ్రాసి పంపిరి. "చేవెళ్ళ, మొయినాబాదుల నుండి మేము పదునేనుగురము కలసి యొక చిన్న మెయిలు సర్వరును పెట్టుకొనదలచితిమి. దానికి ఏ సాఫ్టువేరు నెన్నుకొనవలయును?" అని. ప్రశ్న యొక పంక్తియే గాని, దానికి బదులు చెప్పుటకు మేమొక గంటకాలము మీ యోర్పును కోరవలసియున్నది. వృత్తిచేత మేము న్యాయవాదులము; యంత్రశాస్త్రము చదివినవారము కాము. స్వేచ్ఛా సాఫ్టువేరు ఉద్యమములో స్వచ్ఛంద సేవకులుగా చేరి, ఆఱేండ్లుగా నొక చిన్న సర్వరును మా చేతులతో నడుపుకొనుచున్నాము. కావున మేము చెప్పబోవునది పండితుల సిద్ధాంతము కాదు, దెబ్బలు తినినవాని వాఙ్మూలము.

మొదట మే మీ పనికి ఏల పూనుకొంటిమో చెప్పవలెను. 2019వ సంవత్సరమున మొయినాబాదు మండలములోని యొక గ్రామమునకు చెందిన వృద్ధురాలి భూమివ్యాజ్యము మా చేత నుండెను. క్రిందికోర్టు తీర్పు ఆమెకు వ్యతిరేకముగా వచ్చెను. జిల్లాకోర్టులో అప్పీలు వేయుటకు ముప్పదిదినముల గడువు. దుబాయిలో పని చేయుచుండిన ఆమె కుమారుడు పాత క్రయపత్రముల ప్రతులను, పహాణీలను మెయిలుద్వారా మాకు పంపియుండెను. గడువింకను నాలుగుదినములుండగా, ఒకనాటి యుదయము మా మెయిలుఖాతా తెఱచుకొనలేదు. "నియమోల్లంఘనము జరిగినట్లు తోచినందున ఖాతా నిలిపివేయబడినది" అని యొక వాక్యము మాత్రము కనబడెను. ఏ నియమము, ఎవరికి తోచెను, ఎవరితో మొఱపెట్టుకొనవలెను? ఆ పెద్దసంస్థకు ఈ దేశమునందు మేము తలుపు తట్టదగిన గుమ్మమొకటి మాకు దొఱకలేదు. ఫారములు నింపితిమి, వానికి యంత్రమే ప్రత్యుత్తర మిచ్చెను. పందొమ్మిది దినముల పిమ్మట, మూసినప్పటివలెనే మాటాపలుకూ లేక, ఖాతాను తెఱచిరి. ఈలోగా గడువు దాటిపోయెను.

1963 నాటి లిమిటేషన్ చట్టము 5వ సెక్షను క్రింద ఆలస్యమును మన్నింపుడని వేఱుగా దరఖాస్తు పెట్టుకొంటిమి. కోర్టువారు దయతలచిరి గాని, అందుకు నెలలు పట్టెను. ఆ నెలలలో అవతలి పక్షమువారు ఆ చెలకకు కంచె నాటిరి. ఆ యమ్మ మా కచేరీకి వచ్చి కూర్చుండి, "నా కాగితాలు నీ దగ్గర లేకుంటే ఎవరి దగ్గరున్నయి బిడ్డా?" అని యడిగెను. ఆ ప్రశ్నకు మేమానాడు బదులు చెప్పలేకపోతిమి. ఈ మండలమునందలి పెదమంగళారములో జన్మించిన కొండా వెంకటరంగారెడ్డిగారు వకీలుగా నుండిన కాలమున కక్షిదారు కాగితములు వకీలు బీరువాలో నుండెడివి, బీరువా తాళపుచెవి వకీలు మొలత్రాట నుండెడిది. మా కాగితములకు బీరువా యెచ్చటనో, తాళమెవరిదో మేమే యెఱుగమైతిమి.

ఇది వకీళ్ళకు మాత్రమే పట్టిన పీడ యని తలపకుడు. 2025 జూలైలో ఐరోపా సమాఖ్య విధించిన ఆంక్షలను పురస్కరించుకొని, గుజరాతునందలి వాడినార్ చమురుశుద్ధి కర్మాగారమునకు యజమానియైన నయారా సంస్థకు మైక్రోసాఫ్టువారు తమ సేవల నాపివేసిరి. ఉద్యోగుల మెయిళ్ళు నిలిచిపోయెను. ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టు నాశ్రయించినది. కొలదిదినములలోనే సేవలు తిరిగి వచ్చినవి. ఆ కంపెనీకి సీనియరు వకీళ్ళు కలరు, హైకోర్టు కలదు. మొయినాబాదు సంతలో కూరగాయలమ్మువాని ఖాతా మూసివేసిన నెవ్వరు వకాల్తా పుచ్చుకొందురు? కేంద్ర ప్రభుత్వోద్యోగుల మెయిళ్ళు సైతము ఇటీవల మనదేశపు జోహో సంస్థ వేదికమీదికి మారినవి. అది మంచిదే. అయినను పరాయియిల్లు విడిచి చుట్టములయింట దిగుట యొకటి, స్వగృహము కట్టుకొనుట వేఱొకటి.

స్వగృహము కట్టుకొన్నంతమాత్రమున ఊరివారందఱు మనతో రాకపోకలు సాగింతురను నమ్మకము లేదు. ఈ సంగతి మన నైజామువారికి చెప్పనక్కరలేదు. నిజాము ప్రభుత్వమునకు స్వంత తపాలా యుండెను. 1869లోనే స్వంత తపాలాబిళ్ళల నచ్చువేసిరి. 1950లో అది భారత తపాలాలో కలసిపోవువఱకు నడచెను. కాని ఆ బిళ్ళ రాజ్యపు సరిహద్దు దాటిన చెల్లకుండెను. స్వంత మెయిలు సర్వరునకును ఇదే చిక్కు. మన యుత్తరము మన గుమ్మము దాటుట సులభము. గూగులువారి గుమ్మమున దానిని లోనికి రానిత్తురా యనునదే ప్రశ్న. సాఫ్టువేరు నెన్నుకొనుటకు ముందే ఈ భాగమును తేల్చుకొనవలెను, ఏలయన నూటికి తొంబదిమంది నిరాశపడి మానుకొనునది ఇచ్చటనే యని మా యభిప్రాయము.

ఇంటిలో మూలపడియున్న పాత కంప్యూటరును సర్వరుగా మార్చుదమని మీలో కొందఱు తలచినట్లు వింటిమి. ఆ తలంపు విడువుడు. ఇండ్లకిచ్చు ఇంటర్నెట్టు కనెక్షనులలో అనేకము లొకే బయటి చిరునామాను పలువురకు పంచి యిచ్చునవి. ఆ చిరునామాయు స్థిరముగా నుండదు. సర్వర్లు తమలోతాము ఉత్తరములు మార్చుకొను 25వ ద్వారమును పెక్కు కంపెనీలు మూసియుంచును. అదియునుగాక స్పామ్‌హౌస్ మొదలగు సంస్థలు గృహచిరునామాలను ముందుగానే యొక పట్టీలో చేర్చి, "ఇచ్చటనుండి నేరుగా ఉత్తరము రాకూడదు" అని లోకమునకు చాటియున్నవి. కావున నెలకు కొన్నివందల రూపాయలిచ్చి, స్థిరమైన చిరునామాగల చిన్న సర్వరును అద్దెకు తీసికొనుడు. అచ్చటను 25వ ద్వారము తెఱచియున్నదా, చిరునామానుండి పేరునకు తిరుగుదారి, అనగా పీటీఆర్ నమోదు, మీ కోరిక ప్రకారము చేయుదురా యని ముందుగా వ్రాతమూలముగా నడుగుడు. రుసుము చెల్లించిన పిదప అడుగుట వకీలు లక్షణము కాదు.

పిమ్మట మూడు చీటీలు. మా డొమైను పేర ఉత్తరము పంపుటకు ఫలానా యంత్రమునకే యధికారము కలదని చాటునది ఎస్.పి.ఎఫ్.; ఉత్తరముపై వేయు గూఢలిపి మొహరు డీకిమ్; ఆ రెండును సరిపడనిచో నేమి చేయవలెనో చెప్పు ఆజ్ఞాపత్రము డీమార్క్. 2024 ఫిబ్రవరినుండి గూగులు, యాహూ సంస్థలు ఈ నియమములను బిగించినవి. దినమునకు అయిదువేల యుత్తరములు పంపువారికి మూడును తప్పనిసరి; మనవంటి చిన్నవారికిని మొదటి రెంటిలో నొకటియైనను, పీటీఆరును, గూఢలిపి కనెక్షనును కావలయును. మేమైతే మూడును పెట్టుకొనుడనియే చెప్పుదుము. పెట్టుటకొక మధ్యాహ్నము చాలును.

ఇక మీరడిగిన సాఫ్టువేరు సంగతి. ముందొక పొరపాటు తొలగవలెను. మెయిలు సర్వరనగా నొకే వస్తువు కాదు. ఊరినుండి ఊరికి సంచులు మోయు రన్నరు వేఱు, వచ్చిన యుత్తరములను పెట్టెలో నుంచి అడిగినవానికి చూపు పోస్టుమాస్టరు వేఱు. మొదటిపనికి 1982లో జాన్ పోస్టెల్ వ్రాసిన ఎస్.ఎం.టి.పి. నియమావళి మూలము, రెండవదానికి మార్క్ క్రిస్పిన్ 1986 ప్రాంతమున మొదలిడిన ఐమ్యాప్. ఈ రెండుపనులకు రెండు సాధనములు కావలెను; చెత్త యుత్తరములను ఏరివేయుట కింకొకటి.

రన్నరుపనికి సాధనము లనేకములు. వానిలో పెద్దది సెండ్‌మెయిల్. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున ఎరిక్ ఆల్‌మన్ వ్రాసినది. 1980లలో ఇంటర్నెట్టు ఉత్తరములలో అధికభాగమును మోసినది. దానిలో సర్వము నొకే పెద్ద కార్యక్రమము, సర్వాధికారములతో, చేయుచుండెను. 1988 నవంబరున మోరిస్ పురుగు అనబడినది లోకమందలి కంప్యూటర్లలో ప్రాకినపుడు, దాని ప్రవేశద్వారములలో నొకటి సెండ్‌మెయిల్ నందలి లోపమే. దాని నియమపత్రమును చదువుటకంటె మొగలాయీ కాలపు ఫర్మానా చదువుట తేలిక. దానికొక నమస్కారము పెట్టి ముందునకు పోవుదము.

దానికి ప్రత్యుత్తరముగా డేనియల్ బెర్న్‌స్టీన్ క్యూమెయిల్ వ్రాసెను. భద్రతాలోపము చూపినవారికి అయిదువందల డాలర్లిత్తునని 1997లో సవాలు చేసెను. పని గొప్పదే, కాని 1998 నాటి 1.03 కూర్పుతో ఆయన చేయి ఆగిపోయెను. మార్చిన ప్రతులను పంచరాదను నిబంధనయు నుండెను. 2007లో దానిని సార్వజనికము చేసిరి గాని, అప్పటికి జనము తరలిపోయిరి. సాధనమెంత మంచిదైనను, లైసెన్సు చదువక చేపట్టరాదని మేము మా జూనియర్లకు చెప్పునపుడు ఈ కథయే చెప్పుదుము. అది విడిచిపోయిన మేలొకటి కలదు. ఒక్కొక్క యుత్తరము నొక్కొక్క ఫైలుగా దాచు మెయిల్‌డిర్ అను పద్ధతి దానినుండియే వచ్చినది. దానినిగూర్చి మరల చెప్పుదుము.

నేడు మీవంటివారి యెదుట నిలుచునవి ప్రధానముగా రెండు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో ఫిలిప్ హేజెల్ 1995లో మొదలిడిన ఎక్జిం ఒకటి, ఐ.బి.ఎం. పరిశోధనాలయమున వీట్సె వెనెమా వ్రాయగా 1998 డిసెంబరున వెలువడిన పోస్టుఫిక్సు రెండవది. రెండును స్వేచ్ఛా సాఫ్టువేర్లే, రెండును మూడుపదుల యేండ్లకు చేరువైన యనుభవము కలవి. ఎక్జిం నందు మీరు కోరిన యే నియమమునైనను వ్రాసికొనవచ్చును. "మంగళవారమునాడు ఫలానావాని యుత్తరమును రెండుగంటలు నిలిపి పంపుము" అన్నను వినును. వెబ్‌సైట్ల నద్దెకిచ్చు కంపెనీల సర్వర్లలో అది విస్తారముగా నున్నది. కాని వకీలు భాషలో చెప్పవలెనన్న, ఎక్జిం నడుపుట స్వయముగా నొక శాసనమును రచించుటవంటిది. పోస్టుఫిక్సు నడుపుట అచ్చుఫారమున ఖాళీలు నింపుటవంటిది. పదునేనుగురు సభ్యులుగల సంఘమునకు స్వంత శిక్షాస్మృతి యక్కరలేదు.

రెండవ కారణము భద్రత. పోస్టుఫిక్సులో సర్వాధికారి యొక్కడు లేడు. గుమ్మమున ఉత్తరము పుచ్చుకొనువాడొకడు; సరిచూచి వరుసలో పెట్టువాడొకడు; వరుసను పాలించువాడొకడు; బయటికి మోయువాడొకడు. ఒక్కొక్కనికి తన పనికెంతయవసరమో అంతియే యధికారము. గుమ్మముకడ నున్నవానిని దొంగ లోబఱచుకొన్నను ఇనుప బీరువా వఱకు పోవుట కష్టము. ఎక్జిం పాత బాణీనే యొకే పెద్ద కార్యక్రమముగా నిర్మింపబడినది. 2019 జూనున దానిలో నొక పెనులోపము బయటపడెను; 2021లో క్వాలిస్ పరిశోధకులు ఇరువదియొక్క లోపములను వెలికి తీసిరి. నిర్వాహకులు వానిని సరిచేసిరి, అందుకు వారిని మెచ్చుకొనవలసినదే. కాని సరిచేసిన కూర్పును నాడే మన యంత్రములో వేసికొను తీరిక మనకుండునా? పగలంతయు కోర్టులో నిలబడువాడు, పొలములో నుండువాడు తప్పులు తక్కువగా దొరలు సాధనమునే యెన్నుకొనవలెను. ఓపెన్‌బీయెస్‌డీ వారి ఓపెన్‌ఎస్‌ఎంటీపీడీ యను మూడవదానిని కొందఱు మెచ్చుకొందురు. దాని నియమపత్రము నిజముగా నందముగా నుండును. కాని 2020 జనవరిలో దానికిని పెద్దదెబ్బయే తగిలినది, మనప్రాంతమున దాని నెఱిగి మనకు చేయూత నిచ్చువారును మాకు కనబడలేదు. పోస్టుఫిక్సు నెఱిగినవారు హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలలోనే పలువురు కలరు. అర్ధరాత్రి ఫోనుచేసి యడుగుట కొక మనిషి యుండుటయు ఒక సాంకేతిక గుణమే యని మేము తలంతుము.

పోస్టుఫిక్సు పెట్టినను బుద్ధిహీనుని నది కాపాడదు. మొదటి సంవత్సరము మేము చేసిన తప్పు చెప్పెదము. ఏ యంత్రములనుండి వచ్చు నుత్తరములను ప్రశ్నింపక బయటికి మోయవలెనో చెప్పు పంక్తిలో, మా ఫోనుకు సులభముగా నుండునని హద్దులను విశాలముగా వ్రాసితిమి. 2013 నాటి 2.10 కూర్పునుండి ఇట్టి యపాయమునకు పోస్టుఫిక్సులో ప్రత్యేకమైన యడ్డుకట్ట యున్నది, కాని మేమే విశ్వాసపాత్రులని వ్రాసియిచ్చినవారి నది యేల యాపును? ఒక్కరాత్రిలో ఎవరో మా సర్వరు మీదుగా వేలకొలది చెత్త యుత్తరములు పంపిరి. తెల్లవారుసరికి మా చిరునామా నిషేధపట్టీలలో చేరెను. బయటపడుటకు మూడువారములు పట్టినది. ఆ మూడువారములు కక్షిదారులకు రిజిస్టరు పోస్టులోనే వ్రాసికొంటిమి. ఇందు మమ్ముతప్ప నిందింపదగినవా డెవ్వడును లేడు.

పోస్టుమాస్టరు పనికి ఫిన్లండుదేశీయుడు టిమో సిరైనెన్ వ్రాసిన డవ్‌కాట్ తప్ప వేఱొకటి చెప్పబోము. 2002లో మొదటి కూర్పు వెలువడినది. పోస్టుఫిక్సుతో దానికి పొత్తు బాగుగా కుదురును. ఒక్క హెచ్చరిక. 2025 జనవరిలో వచ్చిన 2.4 కూర్పున దాని నియమపత్రపు వ్రాతతీరు మారిపోయినది, పాతపత్రము పనిచేయదు. ఆ యేడు ఆగస్టున వెలువడిన డెబియన్ 13లో ఈ క్రొత్త కూర్పే యున్నది. నెట్టులో దొరకు పాఠములలో మిక్కిలి భాగము పాతవి. ఆ పాఠమును చూచి ఈ కూర్పునకు వ్రాసి, రెండురాత్రులు తల బాదుకొన్నవారిని మే మెఱుగుదుము.

ఇవన్నియు కూర్చిపెట్టిన సిద్ధాన్నమే లేదా యని యడుగుదురు. కలదు. మెయిల్-ఇన్-ఎ-బాక్స్ అనునది యంత్రము నంతను తన వశము చేసికొని, అన్నియు తానే యమర్చును. లోపల నున్నవి పోస్టుఫిక్సు, డవ్‌కాట్‌లే. మెయిల్‌కౌ మిక్కిలి సొంపైనది, కాని అది కనీసము ఆఱు గిగాబైట్ల జ్ఞాపకస్థలము కోరును. మీరు అద్దెకు తీయబోవునది ఒకటి రెండు గిగాబైట్ల గుడిసె. స్టాల్వార్ట్ అను నవీన సాధనము రస్టు భాషలో వ్రాయబడి, రన్నరు పోస్టుమాస్టరుల పనులు రెండును తానే చేయును. దానిమీద మాకు ఆశ కలదు, వయస్సింకను చిన్నది. మా సలహా యేమన, మీలో ఒక్కరికిని లినక్సు పరిచయము లేనిచో మెయిల్-ఇన్-ఎ-బాక్స్. ఇద్దఱికున్నచో విడిగా పోస్టుఫిక్సు, డవ్‌కాట్, చెత్త నేరుటకు ఆర్‌స్పామ్‌డీ. వంటవాడు చేసిపెట్టినది రుచిగనే యుండును. వాడు రానినాడు ఉప్పుడబ్బా యెక్కడనున్నదో తెలియవలెను గదా.

మెయిల్‌డిర్ మాట మరల చెప్పుదుమంటిమి. 2024 జూలై 1నుండి పాత సాక్ష్యచట్టము స్థానమున భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినది. దాని 63వ సెక్షను క్రింద ఎలక్ట్రానిక్ దస్త్రమును దాఖలు చేయునపుడు ఇచ్చు ధ్రువపత్రములో ఆ దస్త్రపు హ్యాష్ సంఖ్యను వ్రాయవలయును. ఉత్తరమొక్కటి యొక ఫైలుగా నున్నపుడు దానికి హ్యాష్ తీయుట ఒక్క యాజ్ఞతో అగును. సర్వరు నెవరు నడుపుదురో, ఏ దినమున నేమి జరిగెనో చిట్టాచూచి ప్రమాణము చేయగలము. అదే చట్టము 132వ సెక్షను కక్షిదారు వకీలుతో చెప్పుకొన్న మాటకు రక్షణ నిచ్చినది. ఆ రక్షణను కాగితముమీద చట్ట మిచ్చినను, ఆ మాట యుండు పెట్టెను కాపాడుకొనుట మాపనియే.

విద్యుత్తు పోయిన, సర్వరు ఒకదినము పడిపోయిన ఉత్తరములు పోవునాయని ఒక సోదరి చీటీ పంపినారు. పోవు. పంపువారి సర్వరు తమ వరుసలో నుంచుకొని మరల మరల ప్రయత్నించును. నాలుగైదు దినములు ప్రయత్నింపవలెనని నియమావళియే చెప్పుచున్నది, పోస్టుఫిక్సు సహజముగా అయిదుదినము లాగును. తెలుగక్షరములతో చిరునామా పెట్టుకొనవచ్చునాయని మఱియొకరడిగిరి. 2012లో దానికి నియమావళి యేర్పడినది, పోస్టుఫిక్సు 2015 నాటి 3.0 కూర్పునుండి దానిని గ్రహించును, తెలుగులో .భారత్ అను కొసపేరును కలదు. అయితే అవతలి సర్వర్లన్నియు దాని నంగీకరింపవు. కావున రెండవ చిరునామాగా పెట్టుకొనుడు. మొదటిదానిగా నిప్పుడే వలదు.

కడపట మమ్ము నిద్రపోనీయని మాట యొకటి. మా సర్వరు తాళపుచెవి యాఱేండ్లు మా యొక్కరి చేతనే యుండెను. క్రిందటి యేడు మేము జ్వరమున పదిదినములు ఆసుపత్రిలో పడియుంటిమి. ఆ దినములలోనే గూఢలిపి ధ్రువపత్రపు గడువు తీరెను. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారి ధ్రువపత్రము తొంబది దినములకే తీరునది. దానిని దానంతట క్రొత్తదిగా మార్చు నేర్పాటు ఎప్పుడో చెడియుండెను, మేము గమనింపలేదు. ముగ్గురు కక్షిదారుల ఫోనులలో మెయిలు నిలిచిపోయెను. వారిలో ఆ యమ్మ కుమారు డొకడు. అతడు దుబాయినుండి ఆసుపత్రికి ఫోను చేసి, "సార్, మళ్ళ మూసిన్రా?" అని యడిగెను. పెద్దసంస్థను మేమేమని నిందించితిమో ఆ నిందయే మా తలకు చుట్టుకొనెను. నాటినుండి రెండవ తాళపుచెవి మా జూనియరుకడ నున్నది. ప్రతిరాత్రియు ఉత్తరముల నకలు వేఱొక యూరి యంత్రమునకు పోవుచున్నది. నెలకొకమాఱు ఆ నకలునుండి ఒక యుత్తరమును తీసి చదివి చూతుము.

కావున మీ పదునేనుగురిలో తాళము పట్టువా రిద్దఱు, ఒకరు చేవెళ్ళవారు ఒకరు మొయినాబాదువారు, ఎవరో ఈ సభలోనే తేల్చుకొనుడు. డొమైను పేరునుగూడ నిర్ణయించి ఉంచినచో, వచ్చు ఆదివారము మేము ల్యాప్‌టాపుతో మరల వత్తుము. పోస్టుఫిక్సు పెట్టుటకు మాకు రెండుగంటలు చాలును. మధ్యాహ్న భోజనము మాత్రము మీరు పెట్టవలయును.